మధ్యలో మోగే బాణీ

నాన్న పనిచేసిన రేడియో స్టేషన్ గురించి జర్మన్‌లో ఉన్న పుస్తకాన్ని అక్క ఇంగ్లీషులోకి మారుస్తోంది. సాయంత్రానికల్లా అది అచ్చుకు పోవాలి. ‘పౌజెన్‌త్సైషెన్’ అనే మాట దగ్గర కలం మొరాయించింది. విడగొడితే విరామం, గుర్తు.

“విరామ చిహ్నమేగా, కామా అని గీకెయ్!” అన్నాడు తమ్ముడు.

“నోర్ముయ్‌రా! కామా ఎక్కడైనా మోగుతుందా?”

ఒక కార్యక్రమం ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు, స్టేషన్ బతికే ఉందని చెప్పడానికి వేసే బాణీ అది. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చే నాన్న మెట్ల కిందినుంచే ఆ బాణీని ఈల వేసేవాడు. అది వినగానే తమ్ముడి ఏడుపు టక్కున ఆగిపోయేది.

నాన్న లేని ఇంట్లో ఇప్పుడు తమ్ముడు ఆ ఈల అందుకుని సగంలో మర్చిపోయాడు. అక్క ‘ఇంటర్వల్ సిగ్నల్’ అని రాసి, మిగతా ఈల తను పూర్తిచేసింది.

“నాన్నొచ్చాడే” అన్నాడు తమ్ముడు.