థెల్మా పేరున ఒక సంతకం

తల కూడా ఎత్తడు చూడు దొరగారు, పుస్తకం ముందుకొస్తే లోపల పెట్టిన పసుపు చీటీ చూడ్డం, అందులో ఉన్న పేరు రాసి కింద గిలకడం, పక్కకి తోసెయ్యడం, మనిషి మొహం చూసే పని లేకుండా ఎంత బాగా కనిపెట్టారో ఈ చీటీల పద్ధతి, అనుకుంటూ ఏవిస్ ఇంకో అడుగు ముందుకు జరిగింది, మోకాలు సలుపుతోంది, అరవై తొమ్మిదేళ్లొచ్చి సొంత తమ్ముడి సంతకానికి ఊరి లైబ్రరీలో లైను కట్టడమేమిటి, సిగ్గు లేదూ, సిగ్గుండాల్సింది వాడికి, దయ్యాల నవలలతో అమెరికా అంతటికీ నిద్ర లేకుండా చేసిన లీలండ్ గాస్ మహానుభావుడికి, ఇందాక చీటీలు రాసే అమ్మాయి పేరడిగితే తన పేరు చెప్పలేదు, థెల్మా అంది, అమ్మ పేరు, చూద్దాం కన్నతల్లి పేరు దగ్గరైనా కలం ఆగుతుందేమో.

పదకొండు నవలలు, పదకొండింటిలోనూ పిల్లల్ని నేలమాళిగలో పెట్టి గడియ వేసే థెల్మాయే, పేరు కూడా మార్చలేదు వెధవ, టీవీలో కాలు మీద కాలేసుకుని, ఐదో ఏట మా అమ్మ నన్ను బంగాళాదుంపల పీపాల మధ్య చీకట్లో బంధించింది, రచయితగా అక్కడే పుట్టానంటాడు, చప్పట్లు, ఇక్కడేమో సార్డీన్ల ఫ్యాక్టరీలో చేపల తలలు కత్తిరించి వేళ్లు వంకరపోయిన మనిషి కొట్లో బీన్సు డబ్బా తీసుకుంటుంటే పిల్లలు తల్లుల వెనక దాక్కునేవారు, పోయిన అక్టోబరులో చనిపోతే పేపర్లో వేశారు, భయానికి జన్మనిచ్చిన తల్లి కన్నుమూత అని, అమ్మ అలాంటిది కాదని ఇవాళ ఈ జనం ముందు వాడి నోటితోనే చెప్పించాలి, చెప్పిస్తుంది, అమ్మ బతికుండగా నవ్వి ఊరుకునేది, నవ్వి ఒక్కసారి ఏవిస్ వంక చూసేది.

ఆ చూపు ఇప్పుడెందుకు, లైను కదులుతోంది, ముందున్న కుర్రాడి జాకెట్ మీద తడి ఊలు వాసన, చెరువు గడ్డకట్టిన రోజున చేతితొడుగుల వాసన, అందరూ స్కేట్లు భుజాన వేసుకుని పిలుస్తున్నారు, వీడు వెంటపడి ఏడుపు, తొమ్మిదేళ్ల పిల్లకి ఎంత ఓపికుంటుంది, ఒక్క గంటే కదా అనుకుంది, తనని వెతుక్కుంటూ వాడు నేలమాళిగలోకి దిగగానే వెనకనుంచి తలుపు మూసింది, ఇనపగడియకి తొడుగు అంటుకుపోయి పీచు లేచింది, గంట కాస్తా సాయంత్రమైంది, డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసింది అమ్మ, వెలుగులో వాడు చూసింది అమ్మని, గుమ్మంలో తడి స్కేట్లతో ఏవిస్, బెల్టు తీసిన నాన్న ముందు అమ్మ అంది, డ్యూటీకి పోతూ నేనే పెట్టాను, మారాం చేస్తుంటే, అంది.

థెల్మాకి, హాయిగా నిద్రపోండి, పోగలిగితే, అని రాస్తూ కలం సాగిపోయింది, ఆగలేదు, ఒరే లీలండ్ అంది ఏవిస్, తలెత్తాడు, అక్కా, నువ్వు లైన్లో నిలబడ్డమేంటే అన్నాడు, అమ్మ పేరు చూసి కూడా చెయ్యి ఆగలేదురా నీకు అంది, వాడు చీటీ చూశాడు, ప్రతి ఊళ్లోనూ పదిమంది సరదాకి ఆ పేరే రాయించుకుంటారే, పట్టించుకోడం మానేశాను అన్నాడు, దాచుకున్న తిట్లన్నీ నోటి దాకా వచ్చాయి, వాడు కలం మూత పెట్టి ముందుకు వంగి గొంతు తగ్గించాడు, చివర్లో నువ్వే ఉన్నావుగా దగ్గర, అమ్మ ఏమన్నా చెప్పిందా, ఆ రోజు నన్నెందుకు పెట్టిందో, పుస్తకానికోసారి రాసి చూశానక్కా, నాకు తెలీలేదు.

వెనకవాళ్లు తొందరపెడుతున్నారు, చీటీల అమ్మాయి మేడమ్ అంటోంది, వాడు మాత్రం కిందనుంచి పైకి చూస్తున్నాడు, నెరిసిన గడ్డం, ఐదేళ్లవాడి కళ్లు, అమ్మ చెప్పకుండానే పోయింది, తెలిసిన మనిషి ఇక తనొక్కతే, వాడు రాసిన ప్రతి థెల్మా తనే, వాడింకా ఆ పీపాల మధ్యే ఉన్నాడు, గడియ మీద ఉన్నది ఇప్పటికీ తన చెయ్యే.