గవరయ్య గారి తోటకు నీళ్లు పోసిన డబ్బా

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పినా మన్నించండి. ఈ కాస్త రాయడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఇది ఒక డబ్బా చెప్పుకోవలసిన కథ. దాని తరఫున నేను రాస్తున్నాను.

నేను ఒక నీళ్లు చల్లే రేకు డబ్బాను. కాకినాడలో ఒక రేకుల పనివాడు నన్ను సుత్తితో కొట్టి, అంచులు మడిచి, మూతికి చిల్లుల బిళ్ల అతికించాడు. ఒక కంపెనీ మేనేజరు బంగళాలో పాతికేళ్లు పనిచేశాను. దొరలు పోయినా అక్కడి తోట వాళ్ల పద్ధతిలోనే ఉండేది. మెత్తటి పచ్చిక, వంకర తిరిగిన ఇటుకల దారి, దాని పొడవునా గులాబీలు. మేనేజర్లు మారేవారు. ఆ దారిలో తీరిగ్గా నడిచినవారిని ఒక్కరినీ చూడలేదు. పచ్చిక మీద తిరిగేది తోటమాలి గవరయ్య గారే, అదీ నడుం వంచి, కలుపు తీస్తూ.

రిటైరైన రోజున ఆయన మెడలో దండ వేసి, అడుగు కారుతున్న నన్ను చేతికిచ్చి పంపారు. ఆయన నాకు మాటు వేయించి, తన పెరట్లో అలాంటి తోటే వేస్తానన్నారు.

భార్య నూకరత్నం నోరు తెరిచింది. "దొండపాదు పీకేసి గడ్డి పెంచుతారా? మనకి గేదైనా లేదు గదండీ!"

"మేపడానికి కాదే. కూకుని చూడ్డానికి."

"చూత్తే కడుపు నిండుద్దా?"

"ఇన్నేళ్లూ ఒకళ్ల తోటలో నిలబడే చూశానే. నా తోటలో ఒక్కసారి కూకోనీ."

ఆ మాటకు ఆమె గునపం అందుకుంది. కూతురు సత్యవేణి ఆదివారాలు వచ్చి ఇటుకలు పరిచేది.

"నాన్నా, ఈ దారి తాగినోడు నడిచినట్టుంది!"

"దొరల దారి అలాగే ఉంటదమ్మా," అని ఆయన మురిసిపోయేవారు.

గులాబీలు మొగ్గ తొడిగే వేళకు ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆసుపత్రి మంచం మీద ఒకటే మాట. "రత్నం, తోట జాగ్రత్త. నేనొచ్చి పచ్చిక మీద కుర్చీ ఏసుకుని పువ్వు చూడాలి." ఎన్నాళ్లో బతకరని డాక్టరు ఆమెతో చెప్పేశాడు. ఆ పువ్వు ఒక్కటే ఆమె ఆయనకు ఇవ్వగలిగింది.

ఎండలు ముదిరి ఆకులు పసుపు తిరిగాయి. ఆమె పుట్టిల్లు కోనసీమ. అక్కడ కొబ్బరిచెట్టు పసుపు తిరిగితే వాళ్ల నాన్న దాని మొదలు దగ్గర ఉప్పు పోసేవాడు, చెట్టు తేరుకునేది. ఆమె దోసెడు కల్లుప్పు నాలో వేసి, కలిపి, తోటంతా చల్లింది. మర్నాడూ పసుపే కనిపిస్తే రెండు దోసెళ్లు వేసింది. భయపడ్డ మనిషి చేతికి కొలత తెలియదు. వద్దనడానికి నాకు మూతి ఉంది గాని మాట లేదు. వారం రోజులు అలాగే చల్లుతూ పోయాను.

గవరయ్య గారు వచ్చేసరికి పెరడంతా ఎండుగడ్డి. మొగ్గలు నల్లబడి వేలాడుతున్నాయి. ఆయన మెల్లగా వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నారు. తరువాత భార్య వైపు చూశారు. ఆమె నన్ను వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఏమైంది నాన్నా?" అంది సత్యవేణి.

"సముద్రం గాలమ్మా. ఉప్పు మోసుకొత్తది. మనమేం చేత్తాం?"

నూకరత్నం అప్పుడైనా చెప్పవలసింది. "అవునే, గాలే," అంది.

ఆయన ఆ ఎండుగడ్డిలోనే కుర్చీ వేయించుకుని పదకొండు రోజులు కూర్చున్నారు. ఆమె రోజూ చెప్పేద్దామని దగ్గరికి వచ్చి, కాఫీ గ్లాసు ఇచ్చి వెళ్లిపోయేది. పన్నెండో రోజున కుర్చీ లోపల పెట్టేశారు.

వానలు ఉప్పును కడిగేశాయి. గరిక దానంతట అదే మొలిచింది. ఆమె మాత్రం ఆ నేలలో ఒక్క విత్తనం వేయలేదు. ఇల్లు అమ్మినప్పుడు నన్ను పాత ఇనుము కొట్టులో పడేశారు. అడుగు పూర్తిగా పోయింది. ఇప్పుడు నాలో ఏం పోసినా నిలవదు.

సత్యవేణి తన పిల్లలకు ఇప్పటికీ సముద్రం గాలి సంగతే చెబుతోంది.

గాలి కాదే, సత్యవేణీ.

పలివెల నూకరత్నం,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం కూతురి ఇంట్లో, పిఠాపురం.