నంబరు ఇవ్వకపోతే అందరూ

జూలై వస్తే మా నార్వేలో ఆఫీసులకు తాళం పడ్డట్టే. మా పురపాలక కార్యాలయంలో దాదాపు అందరూ కొండల్లోని వేసవి క్యాబిన్లకు చెక్కేస్తారు. వాళ్లు తిరిగొచ్చేదాకా డేటాబేస్ ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మార్చకూడదని కట్టడి. ఈసారి కాపలా నా వంతు.

మంగళవారం పొద్దున పదింటికి ఆస్లాక్ మాస్టారు ఫోన్ చేశారు. నాకు లెక్కలు నేర్పిన మనిషి. ఎనభై ఆరేళ్లు, చూపు ఆనదు. రోజూ ఎనిమిదింటికి మా కార్యాలయం పంపే నర్సు ఇంటికి వెళ్లి ఇన్సులిన్ ఇవ్వాలి.

"ఏమ్మా సున్నివా, నర్సమ్మ కూడా సెలవు పెట్టిందా? సూది పడందే తినకూడదని ఇంకా రొట్టెముక్క ముట్టలేదు. కళ్లు తిరుగుతున్నాయి."

వెంటనే కంప్యూటర్ తెరిచాను. చూస్తే, ఆ రోజు ఏ నర్సు జాబితాలోనూ ఒక్క ఇల్లు లేదు. జూలై కదా, పని లేదేమో అనుకుని నర్సులూ అడగలేదు. చనిపోయిన ఒకావిడకు నర్సును ఆపమని ముందురోజు సాయంత్రం కౌంటర్‌లో అమ్మాయి నొక్కింది, పేషెంటు నంబరు వేయడం మరిచింది. ఆ పని చేసే స్టోర్డ్ ప్రొసీజర్, అంటే డేటాబేస్‌లో దాచిన చిన్న ప్రోగ్రాం, 'నంబరేదీ?' అని అడగాలా వద్దా? అడగదు! నంబరు పారామీటర్ ఖాళీగా వస్తే 'అందరూ' అనుకొమ్మని పన్నెండేళ్ల కిందట మా అధికారి ఐవిన్ రాసిపెట్టాడు. పరీక్షించేటప్పుడు తనకు నంబర్లు కొట్టే శ్రమ తప్పుతుందట. మార్చమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జాబితాలు వెనక్కి తెచ్చి, దగ్గర్లో ఉన్న నర్సును మాస్టారింటికి పరుగెత్తించాను. కాసేపటికి ఆమె ఫోన్ చేసింది. "నేలమీద పడి ఉన్నారు. స్పృహ ఉంది. అంబులెన్సు వస్తోంది."

వెంటనే ఐవిన్‌కి ఫోన్ కలిపాను.

"నంబరు తప్పనిసరి చేస్తున్నానండీ."

"జూలైలోనా? మతి పోయిందా నీకు? ఆగస్టు సమావేశంలో చర్చిద్దాం. పన్నెండేళ్లు బాగానే నడిచిందిగా!"

"మాస్టారు నేలమీద పడ్డారండీ!"

"పాపం. అయినా రూలు రూలే. ముట్టుకోకు."

ఒళ్లు మండిపోయింది. ఫోన్ చెవికి ఆనించుకునే ఆ వెధవ వెసులుబాటును పీకేశాను. నంబరు లేకుండా నడిపి చూశాను. నడవనని మొండికేసింది. హమ్మయ్య!

"తీసేశాను. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి."

"ఇప్పుడే వెనక్కి పెట్టు!"

"అందరూ అంటే ఎవరెవరో తెలుసా మీకు? మీ అమ్మగారు కూడా ఉన్నారు."

ఐవిన్ గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మ దగ్గరికి ఎవరైనా వెళ్లారా?"

"ఇంకా లేదు. నూట ఎనభై ఇళ్లు, తొమ్మిదిమంది నర్సులు. వరసలో వెళ్తున్నారు."