డి తక్కువ

మా కటింగ్ గదికి కిటికీలు నాలుగు. నాలుగింటికీ నల్ల కాగితం అంటించి ఉంటుంది. ఎండ తగిలితే బట్టల తానుల రంగు వెలిసిపోతుందని యజమానిగారి నాన్న రోజుల్లో అంటించారట. నేను ఆ గదిలో కటింగ్ మాస్టరుగా కత్తెర పట్టి ఇరవై ఆరేళ్లు. తెల్లవారకముందే స్నానం చేసి, "వెలుగునిచ్చే తండ్రీ" అని దణ్ణం పెట్టుకుని బయల్దేరతాను. చీకటి పడ్డాక ఇల్లు చేరతాను. నేను రోజూ దణ్ణం పెట్టే ఆ వెలుగు మొహం చూసింది మాత్రం చాలా తక్కువ.

కిందటేడు నాకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేసి పంపారు. ఈమధ్య మళ్లీ రక్తపరీక్ష చేయించాను. కాగితం ఇచ్చిన అమ్మాయి, "కొలెస్ట్రాల్ ఇంకా ఎక్కువే ఉందండీ. డి తక్కువ. డాక్టరుగారికి చూపించండి" అంది.

మా గదిలో మరకపడ్డ బట్టని, చిరిగిన బట్టని డ్యామేజ్ అంటాం. కట్ట మీద సుద్దతో 'డి' అని రాస్తాం. అలా రాసింది ఏదైనా సాయంత్రానికల్లా గదిలోంచి పోవాల్సిందే. డి తక్కువ పడిన రోజు యజమాని మొహం కళకళలాడుతుంది. అందుకని నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, హాయిగా ఇంటికి వెళ్లాను.

"ఏమన్నారు?" అంది మా ఆవిడ.

"కొవ్వు ఉందట. అయినా డి తక్కువట. లోపల పెద్దగా పాడవలేదన్నమాట."

"మరి ఆ కాళ్ల పీకులెందుకు? మెట్టు మెట్టుకీ ఆ మూలుగులెందుకు?"

"వయసు."

"నా దగ్గరా మీ వయసు కబుర్లు? మీకంటే నాలుగేళ్లేగా చిన్న నేను! పదండి డాక్టరమ్మ దగ్గరికి."

డాక్టరమ్మ నా లెక్క విని ముందు నవ్వింది, తర్వాత చీవాట్లు పెట్టింది.

"మాస్టారూ, మీరు బట్ట కాదు. ఇది విటమిన్ డి. ఒంట్లో ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు."

"అది తక్కువైతే కొవ్వు పెరుగుతుందా అమ్మా?"

"గుండెజబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి రెండూ కలిసే కనిపిస్తున్నాయి. ఏది దేన్ని లాక్కొస్తోందో ఇంకా తేలలేదు. తేలనిది తేలినట్టు నేను చెప్పను. ఎండలో నిలబడితే కొవ్వు కరగదు. కొవ్వుకిచ్చిన మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. డి మాత్ర వారానికి ఒక్కటే. మంచిదన్నారని రోజూ మింగేరు! ఇక పగటిపూట ఇరవై నిమిషాలు, చొక్కా చేతులు పైకి మడిచి ఎండలో నడవండి."

"పగలు పనిలో ఉంటానమ్మా."

"ఆ పని చెయ్యడానికి మీరుండాలి కదా!" అని చీటీ మీద 'ఇరవై' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

దారిలో ఒకటే ఆలోచన. దేవుడు ఇంత వెలుగు అడక్కుండా ఇస్తున్నాడు. కాగితం అంటించింది ఆయన కాదు. మరి ఇన్నేళ్లూ ఉండనిచ్చిందెవరు? నేనే కదా?

మర్నాడు చీటీ యజమానికి చూపించాను. నా గుండెపోటుకి ముందే ఆయనకి బైపాస్ అయింది. అర్థం చేసుకుంటాడనుకున్నాను.

"షిఫ్టు మధ్యలో బయటికా? నీ వెనకాలే అందరూ లేస్తారు. అంత షికారు కావాలంటే ఇంట్లోనే ఉండు. రేపటికి ఇంకో మాస్టరు దొరుకుతాడు."

"సరేనండి" అన్నాను. దేనికి సరేనన్నానో ఆయన అడగలేదు.

పదకొండున్నరకి కత్తెర టేబులు మీద పెట్టి చొక్కా చేతులు మడిచాను. పక్కన కాజాలు కుట్టే అక్క తలెత్తింది. ఆవిణ్ణి అందరం కాజాలక్క అంటాం.

"ఏం తమ్ముడూ, కుస్తీకా?"

"ఎండకి."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ అక్కా. వెతుక్కునేది కూడా ఎండలోనేగా!"

"ఉండు, నా మోకాళ్లు కూడా ఏడాదిగా ఏడుస్తున్నాయి" అని సూదిని దారం ఉండకి గుచ్చి లేచింది. మిగతావాళ్లు కదల్లేదు.

వెనక పెరట్లో ఖాళీ అట్టపెట్టెల మధ్య నడవడం మొదలుపెట్టాం. నా ముంజేతులు చూసుకుంటే పిండి పూసినట్టున్నాయి. తానులు వెలిసిపోకుండా కాపాడి కాపాడి మేమే వెలిసిపోయాం.

యజమాని గుమ్మంలోకి వచ్చాడు. "మాస్టరూ! లోపలికి రా. లేదంటే ఇటునుంచి ఇటే వెళ్లిపో!"

విన్నాను. నడక మాత్రం ఆపలేదు.

"ఇంకా పదిహేను నిమిషాలుందండి. అయ్యాక ఎటు పొమ్మంటే అటు పోతాను."

"నాకే ఎదురు చెప్తావా?"

"తప్పడం లేదండి. మీదీ ఇదే జబ్బు కాబట్టి అడుగుతున్నాను. మీ డి ఎంత?"

"నిన్నటిదా? మూడు కట్టలు."

కాజాలక్క నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "కట్టల సంగతి కాదు బాబూ, మీ ఒంట్లో సంగతి!"

నేను విడమరిచి చెప్పాను. ఆయన చెయ్యి చొక్కా మీదనుంచే కోత ఉన్న చోటికి వెళ్లింది.

"నా కాగితంలో కూడా ఉంది, డి తక్కువని" అన్నాడు మెల్లగా. "మంచిదేగా అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానండి."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "సరే, పది నిమిషాలు. అంతకు మించి కుదరదు" అన్నాడు.

"ఇరవై" అన్నాను, నడుస్తూనే. "చీటీలో అంతే ఉంది."

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఇరవై నిమిషాలూ పూర్తిచేసి ఆయన పక్కనుంచే లోపలికి వెళ్లాను. ఆపలేదు. మడిచిన చొక్కా చేతులు దించలేదు నేను. కత్తెర ముట్టుకోకుండా ముందు సుద్దముక్క తీసుకుని, నా టేబులు పక్క కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ నల్ల కాగితం మీద పెద్దగా 'డి' అని రాశాను. మిగతా మూడింటి మీదా రాశాను.

సాయంత్రానికి ఇంకా చాలా టైముంది.