దిష్టి ముద్ద

నీళ్ల వేడి మోచేత్తో చూసి, రంగమ్మ మరో చెంబు చన్నీళ్లు కలిపింది. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని కాళ్లు రెండూ చాచింది. కుడి మోకాలు ఎప్పటిలాగే టక్కుమంది. "ఇయ్యమ్మా," అంటూ చేతులు చాపింది. చైత్ర పదకొండు నెలల కూతుర్ని ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. ఐశ్వర్య వెంటనే ఏడుపు లంకించుకుంది.

ఏడవక మానదని రంగమ్మకు తెలుసు. హోసూరుకు వచ్చిన ఈ ఇరవై రెండేళ్లలో ఆమె కాళ్ల మీద ఏడవని బిడ్డ పుట్టలేదు. ఒంటికి నూనె, దాని మీద పెసరపిండి, వీపు మీద అరచెయ్యి అడ్డుపెట్టి వేడినీళ్లు. బోర్లా తిప్పితే వీపు, వెల్లకిలా తిప్పితే పొట్ట, చివర్లో ముక్కు నిక్కేలా రెండు వేళ్లతో నొక్కడం. కళ్లల్లోకి చుక్క సబ్బునీళ్లు పోనివ్వని చేతులని ఊళ్లో పేరు. కానీ ఆ పేరు ఇచ్చేది తల్లులు. బిడ్డలకు మాత్రం రంగమ్మ అంటే నీళ్లు, నూనె, ఊపిరాడని నిమిషం. ఆ బిడ్డలే పెద్దయి, నాన్న స్కూటరు ముందు నిలబడి బజారులో ఎదురైతే, "నీకు నీళ్లు పోసిన అవ్వరా," అని తల్లి చూపిస్తుంది. వాడు మొహం తిప్పుకుంటాడు. ఇంత బతుకులో రంగమ్మకు మిగిలిన బంధువులు వాళ్లే.

తువ్వాలు చుట్టీ చుట్టగానే ఐశ్వర్య ఏడుపు ఆపింది. కన్నీళ్లు బుగ్గ మీద ఉండగానే కిలకిలా నవ్వింది. రంగమ్మను చూసి కాదు. తోముడు బండ పక్కన పడుకున్న మణిని చూసి.

"బౌ," అంది.

మణి తోక ఒకసారి నేలకు కొట్టి, మళ్లీ కళ్లు మూసుకుంది. అది చేసిందల్లా అంతే. రంగమ్మకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలలుగా పొద్దున్నే లేచి, ఈ నొప్పి మోకాలితో రెండు మైళ్లు నడిచొచ్చి, బిడ్డ కాలి చిటికెనవేలి నుంచి నడినెత్తి దాకా తోమేది తాను. నవ్వు మాత్రం ఆ ఎర్రకుక్కకు. కుక్క మీద అసూయ పడుతున్నానని తనకు తాను ఒప్పుకోవడానికి సిగ్గేసి, "దీనికి గోమార్లు పట్టిండాయి, చూసుకోండమ్మా," అని సణిగింది.

మణికి గోమార్లూ లేవు, మరే పురుగూ లేదు. చైత్ర భర్త చెన్నకేశవ దాన్ని ఆదివారమే సబ్బుతో తోమాడు. పెళ్లికి ముందే, మోటారు కంపెనీ గేటు దగ్గర తడిసి వణుకుతున్న పిల్లగా దొరికితే చొక్కాలో పెట్టుకుని తెచ్చుకున్న కుక్క అది.

నిజానికి ఆ ఇంట్లో కుక్కా బిడ్డా కలిసి బతికే పద్ధతి పెట్టింది రంగమ్మే. ఆమె తండ్రి సూళగిరి పక్క గొర్రెలు కాసేవాడు. దొడ్లో కుక్కలూ పిల్లలూ ఒకచోటే పెరిగారు. మూడో నెలలో చైత్ర కృష్ణగిరి పుట్టింటి నుంచి బిడ్డను తీసుకొస్తుందనగా, బిడ్డ తొడిగి విడిచిన చొక్కా ముందురోజే తెప్పించి మణికి వాసన చూపించింది. చీర ఉయ్యాల దాని ముట్టె అందనంత ఎత్తుకు కట్టించింది. చెంబెడు నీళ్లు తెచ్చుకునేంతసేపు కూడా ఇద్దర్నీ ఒకే గదిలో వదలొద్దంది. అది తినేటప్పుడు పళ్లెం దగ్గరికి ఎవరూ పోవద్దంది. మూతి నాక్కుని మొహం తిప్పుకుంటే చాలు, బిడ్డను ఎత్తేసుకోమంది. "గుర్రుమంటే కొట్టద్దండమ్మా. గుర్రుమనేది మంచి కుక్క. చెప్పి చేస్తాది," అంది. ఇంట్లోవాళ్లు విన్నారు. మణి ఇంకా బాగా వింది. బిడ్డ పాకుతూ మీదికొస్తే మర్యాదగా లేచి గేటు దగ్గరికి వెళ్లి కూర్చునేది.

తాను పెట్టిన పద్ధతిని ఒక్కచోట తానే తప్పింది రంగమ్మ. అది దిష్టి దగ్గర.

ప్రతి మంగళవారం, శుక్రవారం సాయంత్రం బిడ్డకు దిష్టి తీయాలని చెన్నకేశవ తల్లి మారియమ్మ పట్టు. పసుపన్నం ముద్ద పిడికిట్లో పట్టుకుని, పెరటి గడప మీద తల్లి ఒళ్లో కూర్చున్న బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడు దారులు కలిసేచోట పారేసి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. మూడు దారులు కలిసేది మిట్ట పైన. మిట్టెక్కాలంటే రంగమ్మ మోకాలు ప్రాణం తీసేది. ఏ కుక్క తింటే ఏమిటిలే అనుకుని, మొదటి వారమే పెరటి గేటు దాటి ముద్దను మణికి వేసేసింది. రెండో వారానికి మణి నేర్చుకుంది. గడప దగ్గర పిడికిలి మూడుసార్లు తిరిగేదాకా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంటుంది. పిడికిలి ఆగిందంటే ముద్ద తనదని దానికి తెలుసు; రంగమ్మ వెంట గేటు దాటి తినేస్తుంది. మిట్ట దాకా పోయొచ్చినంతసేపు రంగమ్మ గేటు బయట నిలబడి, లోపలికొచ్చేది. ఈ సంగతి ఆమెకూ మణికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు శుక్రవారం. పొద్దుటి స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేసి, బొట్టు పెట్టాక, చైత్ర పెరటి గడపలో కూర్చుని బిడ్డకు పప్పన్నం పెడుతోంది. చిన్న ముద్ద ఒకటి బిడ్డ పిడికిట్లోనే పెట్టింది, తనంతట తాను తినడం అలవాటవుతుందని. లోపల ఫోను మోగింది. కృష్ణగిరి నుంచి వాళ్లమ్మ ఈ వేళకే చేస్తుంది.

"అవ్వా, చూస్తా ఉండు. ఒక్క నిమిషంలో వచ్చేస్తాను," అని బిడ్డను కింద కూర్చోబెట్టి చైత్ర లేచింది.

రంగమ్మ పీట మీదే ఉంది. బిడ్డకూ తనకూ మధ్య ఐదడుగులు. రెండు చేతులూ చాపి, ఎవరూ లేరు కదా అని, గొంతు తీపి చేసుకుని పిలిచింది. "రా బంగారూ. నా దగ్గిరికి రా. నీళ్లు పోయనులే, రా."

ఐశ్వర్య ఆమెను చూసింది. కింది పెదవి వంకరపోయింది. గబుక్కున అటు తిరిగి, ముద్ద పట్టుకున్న పిడికిలి నేలకు ఆనిస్తూ మణి వైపు పాకింది.

రంగమ్మ గుండెలో పాత ముల్లు ఒకటి కదిలింది. తనకు పిల్లలు కలగలేదని భర్త ఆమె చెల్లెల్నే చేసుకున్నాడు. చెల్లెలి ముగ్గురు బిడ్డలకూ నీళ్లు పోసి, ఉగ్గు పెట్టి, రొమ్ము మీద పడుకోబెట్టుకుంది రంగమ్మే. కడగొట్టువాడు మూడేళ్లప్పుడు కిందపడి మోకాలు చెక్కుకున్నాడు. ఎత్తుకోబోతే, "నువ్వొద్దు, అమ్మ కావల," అని ఆమె మొహం మీద కొట్టి పరిగెత్తాడు. మరునాడే హోసూరు బస్సెక్కింది. వాడి మీద కోపం ఎప్పుడో పోయింది. చెల్లెలి మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.

లేవాలి. ఐదడుగులు. లేవాలని ఆమెకు తెలుసు, ఈ ఇంట్లో ఆ మాట అందరికీ చెప్పిందే తాను. లేవలేదు. "పో, ఆ కుక్క దగ్గిరికే పో," అనుకుంది.

మణి అలవాటు ప్రకారం లేచింది, గేటు వైపు పోవడానికి. అంతలో బిడ్డ చతికిలబడి, ముద్ద ఉన్న పిడికిలి పైకెత్తి గాల్లో ఆడించింది. మణి ఆగింది. వెనక్కి తిరిగింది. నిటారుగా కూర్చుంది. బిడ్డ చెయ్యి ఆగగానే ముందుకు వంగి ముద్దను నోటితో అందుకుంది. పన్ను రెండు వేళ్లకు గీసుకుంది.

బిడ్డ కేక విని మణే ముందు బెదిరింది. తోక కాళ్ల మధ్య పెట్టుకుని బండ వెనక్కి దూరింది. చైత్ర ఫోను వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మారియమ్మ వెనకే వచ్చింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న చెన్నకేశవ లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. బిడ్డ వేళ్ల మీద రక్తం చూసి ముగ్గురూ రంగమ్మ వైపు తిరిగారు.

"ఏమాయ రంగమ్మా?" అంది మారియమ్మ.

"చూస్తా ఉండంగానే కరిచేసినాదక్కా," అంది రంగమ్మ. మాట ఎవరో తోసినట్టు వచ్చేసింది. "బిడ్డంటే దానికి అసూయ. ఇంతకాలం అది ఏలిన ఇల్లు గదా, ఓర్చుకోలేదు."

కుక్కల సంగతి రంగమ్మకు తెలిసినంత ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు. బిడ్డను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించారు, వేళ్లకు కట్టు కట్టించారు. వాళ్లు వచ్చేలోపే మారియమ్మ కుక్కను తీసుకుపొమ్మని తన తమ్ముడు నరసింహప్పకు కబురు చేసింది. డెంకణికోట పక్క అడివంచున అతనికి రాగి చేను ఉంది. హోసూరు మార్కెట్టుకు బీన్సు తెచ్చిన అతని టెంపో సాయంత్రం ఖాళీగానే తిరిగి వెళుతుంది.

రంగమ్మ మధ్యాహ్నం మరో ఇంట్లో ఇరవై రోజుల పసిగుడ్డుకు నీళ్లు పోసింది. గెలిచినట్టు ఉంటుందనుకుంది. ఉండలేదు. బండ వెనకనుంచి మణి తొంగిచూసిన చూపే కళ్లల్లో ఆడుతోంది. వేలితో గడ్డం కింద కడుగుతుంటే, "ఏమవ్వా, కడిగిన చోటే మళ్లా కడగతా ఉండావు?" అని అడిగింది ఆ బిడ్డ తల్లి. ఎండకు, అని చెప్పింది.

సాయంత్రం వచ్చేసరికి గేటు ముందు టెంపో ఉంది. ఖాళీ బుట్టల మధ్య మణిని తాడుతో కట్టారు. చెన్నకేశవ దాని మెడ నిమురుతూ నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏనుగులొస్తే మొరిగేకి కుక్క కావల్నని చూస్తావుండాను. బాగానే దొరికింది," అన్నాడు నరసింహప్ప.

"ముందర ఒకటుండె గదా మామా? అదేమాయ?"

నరసింహప్ప తాడు ముడి బిగించాడు. "తొక్కేసినాదప్పా, ఉగాదప్పుడు," అన్నాడు.

చెన్నకేశవ తల దించుకున్నాడు. "దీన్ని చేన్లో కట్టేయద్దు మామా. వదిలేసుంటే పారిపోయి బతుకుతాది," అన్నాడు.

"రంగమ్మా, ఇయ్యాల గట్టిగా తియ్యి," అంటూ మారియమ్మ ముద్ద చేతిలో పెట్టింది. వాకిట్లోనే, చైత్ర చంకలో ఉన్న బిడ్డ చుట్టూ రంగమ్మ పిడికిలి మూడుసార్లు తిప్పింది. అందరూ చూస్తున్నారు కాబట్టి మొదటిసారి నిజంగా మిట్టెక్కాలి. టెంపో పక్కగా పోవాలి.

ఆమె దగ్గరికి రాగానే మణి బుట్టల మధ్య లేచి, సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కళ్లు రంగమ్మ పిడికిలి మీద నిలిచాయి. తోక బుట్టకు తగిలి టపటపమంటోంది. కరిచిందని దానికి తెలియదు. పంపేస్తున్నారనీ తెలియదు. శుక్రవారమని మాత్రం తెలుసు.

"ఏందవ్వా, నీ చెయ్యినే చూస్తావుండాది?" అన్నాడు చెన్నకేశవ.

ఒక్క మాట చెబితే చాలు. పొద్దున మణి కరవలేదని, తాను నేర్పిన పాఠమే అప్పజెప్పిందని ఇప్పుడామెకు స్పష్టంగా తెలుసు. చెబితే బిడ్డ తన కాళ్ల మీద ఉండే ఈ మిగిలిన నెల రోజులు కూడా పోతాయి. ఏడాది నిండేదాకా రమ్మని మారియమ్మ అన్న మాట పోతుంది. పిడికిలి కొంగులోకి లాక్కుంది.

"ఆకలేమో నాయనా," అంది.

టెంపో కదిలింది. మణి కూర్చున్న భంగిమ మార్చలేదు. మలుపు తిరిగేదాకా కొంగు వైపే చూసింది.

"బౌ," అంది ఐశ్వర్య. సమాధానం రాలేదు. మరోసారి "బౌ" అని, కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి గుండ్రంగా తిప్పింది. ఒకటి. రెండు. మూడు. వేళ్లు విప్పి ఖాళీ రోడ్డు వైపు చాపింది. మళ్లీ పిడికిలి బిగించింది.

"అదేందే, అట్ల తిప్పుతావుండావు?" అంది చైత్ర. "ఎవరు నేర్పినారే నీకు?"

రంగమ్మ కదలకుండా నిలబడిపోయింది. పొద్దున బిడ్డ ఆడించింది వట్టి చెయ్యి కాదు. మంగళవారం, శుక్రవారం గడపలో కూర్చుని చూసి చూసి తన చెయ్యిని నేర్చుకుంది. ఇరవై రెండేళ్లలో, అంతకుముందు చెల్లెలి ముగ్గురు బిడ్డల్లో, ఎవరూ ఆమె నుంచి ఏదీ తీసుకోలేదు. ఈ ఒక్క పిల్ల తీసుకుంది. తీసుకుని, తనకు ఇష్టమైనదానికి దిష్టి తీసి ముద్ద పెట్టింది.

"నేనే," అంది రంగమ్మ. "నేనే నేర్పినానమ్మా. తప్పు దానిది కాదు."

"నువ్వేం చేస్తావవ్వా, ఫోనుకు లేసిపోయింది నేను గదా," అంటూ చైత్ర కళ్లు తుడుచుకుని, ఏడుపు మొదలెట్టిన బిడ్డతో లోపలికి వెళ్లింది. మారియమ్మ అప్పటికే లోపల దీపం పెడుతోంది, చెన్నకేశవ షిఫ్టు బస్సుకు వీధి చివరికి నడుస్తున్నాడు. వాకిట్లో ఆ మాట వినేవాళ్లెవరూ మిగల్లేదు.

రంగమ్మ మిట్టెక్కలేదు. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లి, మోకాలు పట్టుకుని వంగి, కొంగులోంచి ముద్ద తీసి పెట్టింది. గేటు మూసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. తోముడు బండ పక్కన, పిల్లకుక్కప్పుడు మణి కొరికి అంచు వంచిన సత్తు పళ్లెంలో, నాలుగు వేళ్ల అచ్చులతో పసుపు ముద్ద అలాగే ఉంది.