సూది వైద్యానికి సాక్ష్యం

డోన్‌లో కిరాణా కొట్టు నడిపే రామకోటయ్య భార్య ప్రమీలమ్మకు నడుం నొప్పితో మంచమే లోకమైపోయింది. ఆ రోజుల్లోనే డాక్టర్ అవినాష్ కర్నూలులో ఆస్పత్రి తెరిచాడు. కోత లేకుండా, వెన్నులో జారిన డిస్కును సూదిమందుతో కరిగిస్తానన్నాడు. చుట్టుపక్కల ఎవరూ చేయని వైద్యం. దేవుడి మీద భారం వేసి పోయింది ప్రమీలమ్మ. నెల తిరక్కుండానే నీళ్ల బిందె చంకకెత్తుకుంది.

అప్పట్నుంచి డాక్టరు పిలిచినప్పుడల్లా రైలెక్కి పోయేది. భయపడే రోగుల ముందు నడిచి చూపేది, వంగి నేల తాకేది. అట్లా ధైర్యం తెచ్చుకున్నవాళ్లలో ఓర్వకల్లు గిడ్డమ్మ ఒకతె. కలుపు తీసీ తీసీ నడుం పడిపోయిన మనిషి. "నిన్ను చూసినాక భయం పోయిందక్కా" అంటూ లోపలికి పోయింది.

మళ్లీ గిడ్డమ్మ కనబడలేదు. అడిగితే డాక్టరు నవ్వాడు. "బాగుంటే ఎందుకొస్తారమ్మా? రాలేదంటే తగ్గినట్టే."

ప్రమీలమ్మకు మనసొప్పలేదు. ఒకరోజు ఆస్పత్రి నుంచి ఇంటికి పోయే డోన్ రైలు వదిలేసి ఓర్వకల్లు బస్సెక్కింది.

గిడ్డమ్మ వసారాలో గోనెపట్టా మీద పడి ఉంది. నడుం కింద చచ్చుబడింది. వీపంతా పుండ్లు. మొగుడు ఉరుకుందు తువ్వాలతో ఈగలు తోలుతున్నాడు.

"ఆస్పత్రికి తీసుకురాలేదేమప్పా?"

"యాడికి తెచ్చేదమ్మా? బస్సులో ఎట్ల కూచోబెట్టేది? సూదేసినాక జొరమొచ్చె. రూపాయి బిళ్లేసే ఫోన్లో ఆస్పత్రికి చెప్తే మాత్రలు మింగమనిరి. కాళ్లు పాయె."

గిడ్డమ్మ కోప్పడలేదు. "నువ్వు బాగుండావా అక్కా?" అని మాత్రం అడిగింది. ప్రమీలమ్మ ఉరుకుందు చేతిలో తువ్వాల అందుకుని ఈగలు తోలింది.

మర్నాడు డాక్టరుకు అంతా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతుందమ్మా. ఏ వైద్యంలో కాదు?"

"ఎందరికయిందో మీకు తెలుసునా సార్? బాగైన నన్ను పిలిపిస్తాండారు. మంచాన పడినోళ్ల ఇంటికి ఎవరన్నా పోయినారా?"

ఆ రోజు వేయాల్సిన సూదిని డాక్టరు ఆపలేదు.

బయట బెంచీ మీద ఆ సూదికే వచ్చిన నాగశ్రీ అనే పిల్ల, తల్లి భుజం మీద వాలి మూలుగుతోంది. ప్రమీలమ్మ ఈసారి నడిచి చూపలేదు, పక్కన కూర్చుంది.

"నాకు తగ్గింది తల్లీ. ఓర్వకల్లులో ఒకామెకు కాళ్లు పడిపోయినాయి. ఇంకా ఎందరికి అట్లయిందో ఎవరికీ తెలీదు. తెలిసేదాకా ఆగు."

నాగశ్రీ వెక్కి వెక్కి ఏడ్చింది. "కూచోలేను, పండుకోలేను పెద్దమ్మా. ఇంకెన్నాళ్లని ఆగేది? నీకు తగ్గింది కదా!"

లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ప్రమీలమ్మ ఆ తల్లి చెయ్యి పట్టుకుంది. "మీది ఏ ఊరమ్మా? ఇల్లు యాడుండాదో చెప్పు. మీరు రాకపోయినా నేనొచ్చి చూస్తా."