తోక లేని ఏనుగు

మా అత్తగారికి ఆ ఏనుగు వెనకభాగం మాత్రమే తెలుసు. అటవీ ఆఫీసులో "ముఖం ఎలా ఉంటుందమ్మా, దంతాలు ఎలా ఉంటాయి?" అని అడిగితే, "అది వచ్చేటప్పుడు నేను మంచం కింద ఉంటాను. పోయేటప్పుడు తలుపు సందులోంచి చూస్తాను. దానికి తోక లేదు, మొండి. ఆ మొండి పిర్రలు వెయ్యి ఏనుగుల మధ్య ఉన్నా పోల్చుకుంటాను" అని చెప్పిందట.

చెప్పిందట అంటున్నానంటే, నాతో చెప్పలేదు గనక. నాలుగేళ్ళుగా ఆవిడ వాకిటికి ఎదురుగానే ఇల్లు వేసుకుని ఉంటున్నాను. మా బీసా తెగలో పెళ్ళైన మగాడు భార్య ఊరికి ఇల్లరికం పోవాల్సిందే. పోయినవాడు అత్తగారి ముఖం చూడకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు. దారిలో ఎదురైతే ఆవిడ ఒంటికి చుట్టుకున్న చిటెంగె గుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పొదల పక్కకి తప్పుకుంటుంది, నేను నా చెప్పులు చూసుకుంటాను. అత్తగారు పెద్ద విందు చేసి అల్లుడికి పెట్టిన రోజున ఈ దాగుడుమూతలు ముగుస్తాయి.

ఆ విందుకని దాచిన గింజల్ని రెండేళ్ళు వరసగా ఆ ఏనుగే నాశనం చేసింది. తినేదేదో మర్యాదగా తింటుందా అంటే అదీ లేదు. గాదెను తోసేస్తుంది. కంకులు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. చివరికి రోటి పక్కన చాటలో ఉన్న దంచిన పిండీ, మగ్గిన గుమ్మడికాయలూ మాత్రం శుభ్రంగా ఊడ్చుకుపోతుంది. "మహారాజుకి దంచి పెట్టాలి కాబోలు!" అని నా భార్య చోలా మట్టిలోంచి గింజలు ఏరుకుంటూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి గాదె పడగానే చోలాను మధ్యన పెట్టి అత్తగారి చేత ఫిర్యాదు పెట్టించింది నేనే. ఆ ఏనుగు చావాలి, అంతే.

ఆఫీసు వాళ్ళ మాట న్యాయంగానే ఉంది. ఒకదాని బదులు ఇంకోదాన్ని కాలిస్తే పాపం కదా. అందుకని నష్టపోయిన మనిషీ, ఇంకో సాక్షీ జంతువుల పార్కులోకి వచ్చి, పగటి వెలుగులో ఏనుగును చూపించి "ఇదే" అనాలి. ఇద్దరూ అవునంటే మర్నాడు కాలుస్తారు, ఇద్దరూ కాదంటే వదిలేస్తారు. మాట కలవకపోతే పై అధికారి వచ్చి ఫిర్యాదు చదివి తేలుస్తాడు. రెండో సాక్షిని నేను. కొరివి పట్టుకుని దాన్ని తరుముతూ ఆ మొండి తోకను వెన్నెల్లో నేనూ చూశాను.

ఆఫీసు బండి మూలపడి ఉంది. నేను యాత్రికులను తిప్పే సఫారీ బండి నడుపుతాను. ఆ వారం నా బండిలో ఉన్నది హాలెండు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, హెండ్రిక్, ఆయన భార్య మరైకె. బాగా కనబడుతుందని ఇద్దరూ ఎత్తుగా ఉన్న చివరి వరసలో కూర్చుంటారు. నా వెనక సీటు ఖాళీ. "మా ఊరి పెద్దావిడ ఒకరు వస్తారు, ఆవిడ ఇంటివైపు వచ్చే ఏనుగును పగలు చూడాలట" అని వాళ్ళనడిగాను. "అయ్యో, తప్పకుండా!" అని మరైకె నా చేతులు పట్టుకుంది. కాల్చే సంగతి చెప్పలేదు. సెలవుకి వచ్చినవాళ్ళకి ఆ బరువెందుకు?

అలా లువాంగ్వా నది వంతెన మీదుగా మా అత్తగారు జీవితంలో మొదటిసారి పార్కులో అడుగుపెట్టింది. వెనక కూర్చున్న ఆవిడ ముఖం కనబడకుండా నేను ముందుగానే అద్దాన్ని ఆకాశంవైపు తిప్పేశాను. నా పక్క సీట్లో, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని, పార్కు కాపలాదారు జెరే. వైర్లెస్‌లో కబురు చెప్పాల్సింది ఆయనే. ఆయన న్గోనీ తెగ మనిషి. న్గోనీలకీ మాకూ ఒకప్పుడు కత్తులు దూసుకున్న పగ. ఇప్పుడది బావామరదళ్ళ వేళాకోళంగా మారింది. ఎదురుపడితే తిట్టుకోకపోతేనే తప్పు.

"ఏం మరదలా, మీది ఏనుగు వంశం కదా!" అని జెరే మొదలుపెట్టాడు. "సొంత అన్నయ్య వచ్చి రెండు గింజలు తింటే ఫిర్యాదు పెడతావా? సిగ్గు లేదూ?"

"అన్నయ్యలు అడిగి తింటారోయ్. అడక్కుండా ఊడ్చుకుపోయేది మీవాళ్ళు. మా తాతల గాదెలు దోచిందెవరు? ఆ ఏనుగు మీ ఇంట్లోనే చదువుకునుంటుంది."

"మా ఇంట్లో గాదెలెందుకూ? మాకు కాల్చిన ఎలకలుంటే చాలు."

"ఆ వాసన ఇక్కడిదాకా వస్తోందిలే. నోరు మూసుకుని కూర్చో. ఆ బండి నడిపే ఆయనకి చెప్పు, గోతుల్లో నెమ్మదిగా పోనివ్వమని. నా నడుం విరుగుతోంది."

"బాబాయ్, వెనకున్న పెద్దావిడకి చెప్పు" అన్నాను, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "ఈ గోతులు నేను తవ్వలేదని."

"చెవులు లేవా ఇద్దరికీ? చేతిలో తుపాకీ, నోట్లో మీ రాయబారం. నాకిదేం ఖర్మరా బాబూ!"

అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు అంత దగ్గరగా వినడం నాకదే మొదటిసారి. చెప్పొద్దూ, బాగుంది.

చలికాలపు ఉదయం, గాలి చెవుల్ని కోస్తోంది. మరైకె ముందు వరసలోకి దిగొచ్చి తన దుప్పట్లో సగం అత్తగారికి కప్పింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, అయినా ఇద్దరూ ఒకటే కబుర్లు. నది అవతలే యాభై ఏళ్ళు బతికిన మనిషి, ఇవన్నీ పగటిపూట ఎప్పుడూ చూడలేదు. మా వైపు జంతువంటే చీకట్లో చప్పుడు, తెల్లారాక నష్టం. జిరాఫీ కాళ్ళు చాపి వంగి నీళ్ళు తాగుతుంటే, "అయ్యో తల్లీ, గుక్కెడు నీళ్ళకి ఇంత యాతనా!" అంది. జింకల మంద చూసి, "ఇంత కూర ఊరికే నడిచిపోతుంటే ఎవరూ ఏమీ అనరా?" అంది. "అంటారు, జైలుకి రమ్మంటారు" అన్నాడు జెరే. ఆమె ప్రతి మాటా మరైకె నన్నడిగి తర్జుమా చేయించుకుని పడీ పడీ నవ్వింది. హెండ్రిక్ జంతువుల్ని వదిలేసి వాళ్ళిద్దరి ఫొటోలు తీశాడు.

పాత నది వదిలేసిన మడుగు దగ్గర అది కనిపించింది. ఒంటరి మగ ఏనుగు, మోకాలి లోతు నీళ్ళలో, మావైపు తిరిగి నిలబడి ఉంది. నేను దూరంగా ఆపి ఇంజను కట్టేశాను.

"ఇదేనా?" అన్నాడు జెరే, గొంతు తగ్గించి.

"నాకెలా తెలుస్తుంది? వెనక్కి తిరగమను" అంది అత్తగారు.

"నా మాట వింటుందా? నీ అన్నయ్య, నువ్వే చెప్పు."

ఏనుగు తిరగలేదు. దానికేం తొందర? మేం ఫ్లాస్కులో టీ పోసుకున్నాం. ఏనుగు మడుగులో లేత తుంగ పీకి, వేళ్ళ మట్టి నీళ్ళలో జాడించి, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. నములుతూనే ఉంది. దవడ అటూ ఇటూ కదులుతుంది గానీ ముద్ద దిగదు. కాసేపటికి ఆ ముద్ద నోట్లోంచి జారి నీళ్ళలో పడింది. అది తొండంతో ఆ ముద్దనే మళ్ళీ వెతికి తీసుకుని నోట్లో పెట్టుకుంది. మళ్ళీ జారిపోయింది. కణతలు గుంటలు పడి ఉన్నాయి. చర్మం కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా తెలుస్తున్నాయి.

మరైకె తన దుర్భిణిని అత్తగారి కళ్ళకు పెట్టి, ఎలా తిప్పాలో చూపించింది. అత్తగారు "అమ్మో!" అని ఒక్కసారి వెనక్కి జరిగింది. మళ్ళీ చూసింది.

"దానికేమైంది?" అంది.

"ముసలిదైపోయింది మరదలా" అన్నాడు జెరే. ఈసారి వేళాకోళం లేదు. "ఏనుగులకి దవడపళ్ళు అరిగితే మళ్ళీ వస్తాయి. కొన్నిసార్లే. ఆఖరివి కూడా అరిగాక ఇక రావు. చెట్టు బెరడు నమల్లేదు, ఎండుగడ్డి నమల్లేదు. మెత్తటిది ఎక్కడ దొరికితే అక్కడికి పోతుంది. వానలదాకా ఉంటే గొప్ప."

"మరి కడుపు?"

"కడుపుకి పళ్ళతో పనేముంది? ఆకలి మామూలే."

ఇంతలో ఎక్కడో కొంగ అరిచింది. ఏనుగు చెవులు ఒకసారి విదిల్చి, తీరిగ్గా చుట్టూ తిరిగి మాకు వీపు చూపించింది. తోక లేదు. చిన్నప్పుడే ఎప్పుడో దుమ్ములగొండి కొరికేసినట్టుంది, జానెడు మొండి మాత్రం ఊగుతోంది.

దొరికావురా దొంగా, అనుకున్నాను. జెరే వైర్లెస్ చేతిలోకి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు.

"మరదలా, ఇప్పుడు సర్కారు మాట అడుగుతున్నాను, ఆలోచించి చెప్పు. నీ గాదె పడగొట్టింది ఇదేనా?"

"కాదు" అంది అత్తగారు.

నేను స్టీరింగు మీద గుద్దాను. "బాబాయ్! ఆవిడ్ని సరిగ్గా చూడమను! తోక చూడమను!"

"చూశానని చెప్పు. నా ఏనుగుకి తోక ఉంది."

"ఫిర్యాదులో లేదని రాయించావు కదే!" అన్నాడు జెరే.

"మంచం కిందున్న మనిషికి ఏం కనబడుతుంది? పొరపాటు పడ్డాను."

నాకు కోపం నషాళానికి అంటింది. పొలం దున్నింది నేను, కాపలా కాసి నిద్ర చెడగొట్టుకున్నది నేను, మట్టిలో గింజలు ఏరుకున్నది నా భార్య. ఈవిడ ఒక్క ఉదయం బండెక్కి జాలిపడితే సరిపోయిందా? "బాబాయ్, రెండో సాక్షిని నేనున్నాను. నన్నడుగు. అధికారి వచ్చి ఫిర్యాదు చదివితే అంతా తేలిపోతుంది. అడుగు నన్ను!"

జెరే అడగలేదు. నా భుజం మీద ఒక చెయ్యి పడింది. పొడిగా, తేలిగ్గా ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అర్థమై నేను బిగుసుకుపోయాను. ఆవిడ నన్ను ముట్టుకోకూడదు. మా ఊరివాళ్ళెవరైనా చూస్తే తల తీసేసినంత పని.

"కబసో" అంది. నా పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. "ఇటు తిరుగు నాయనా."

"వద్దమ్మా, తప్పు" అన్నాను, కళ్ళు మూసుకుని.

"తప్పు నాది. నువ్వు తిరుగు."

తిరిగాను. కళ్ళు తెరిచాను. చాలా చిన్న ముఖం. ఆ అరుపులకీ ఆ తిట్లకీ పెద్ద ముఖం ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు ఆవిడ మెల్లగా తీసేసి, చంటిపిల్ల వైద్యుడికి చూపించినట్టు నోరు తెరిచింది. ఒక్క పన్ను లేదు.

"నీ పెళ్ళప్పటికి నాలుగుండేవి. అవీ పోయాయి" అంది. "నీకు తెలీదులే, ఎలా తెలుస్తుంది? చోలా రోజూ వేరుశనగలు దంచి, ఆకుకూరలో కలిపి మెత్తగా ఉడికించి పెడుతుంది. సంకటి పల్చగా కలిపి పెడుతుంది. అది వంటింట్లో లేని రోజు నేను పస్తే." ఆవిడ మడుగువైపు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "దానికెవరు దంచి పెడతారు నాయనా?"

ప్రతి కోతకీ నేను వేయించిన మొక్కజొన్న పంపేవాణ్ణి. ఆవిడ ఒక్క గింజ ముట్టుకోకుండా పిల్లలకు పంచేస్తుంటే, ఎంత పొగరో అనుకునేవాణ్ణి. ఏడుపొచ్చింది నాకు. ఇద్దరు పరాయి దేశస్థుల ముందు, తుపాకీ పట్టుకున్న న్గోనీ ముందు ఏడ్చాను.

"మళ్ళీ వస్తుందమ్మా" అన్నాను. "గింజలు దక్కవు."

"వస్తుంది. గాదెను ఊరి మధ్యకి మారుద్దాం. డబ్బాలు కొడదాం, మిరపకాయలు పొగపెడదాం, తరుముదాం. తరిమితే పోతుంది. చంపించొద్దు. ఇంకెన్నాళ్ళుంటుంది? దాని చావు దాన్ని చావనీ."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకురా అల్లుడూ?" అన్నాడు జెరే, అవతలికి ముఖం తిప్పుకుని. "త్వరగా చెప్పు. వైర్లెస్‌లో అవతలవాడు ఎదురు చూస్తున్నాడు. నీ సాక్ష్యం ఏమిటి?"

నేను ఆ మొండి తోకను చూశాను. అది మా కళ్ళముందే తాపీగా ఊగుతోంది.

"మా దొంగకి తోక ఉండేది బాబాయ్" అన్నాను. "పొడుగ్గా ఉండేది. చివర కుచ్చు కూడా ఉండేది."

జెరే బటను నొక్కి, ఇద్దరు సాక్షులూ ఇది కాదన్నారని, వెన్నెల్లో చూపు మోసపోయిందని చెప్పాడు. అవతల ఎవరో ఏదో గొణిగి, సరేనన్నారు. మరైకె ఏం జరిగిందని నన్ను అడగలేదు. అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసి దుప్పటి సర్దింది, అంతే. హెండ్రిక్ కెమెరా ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

నేను తాళం తిప్పబోతే అత్తగారు "ఉండు" అంది. ఏనుగు మళ్ళీ మావైపు తిరిగి, ఇంకో పిడికెడు తుంగ నోట్లో పెట్టుకుంది. ఆవిడ దుర్భిణి కళ్ళకు ఆనించుకుని, పక్కన కూర్చుని తినిపిస్తున్నట్టు ముందుకు వంగింది.

"మెల్లగా నములు" అంది. "మెల్లగా. ఎవరూ నిన్ను తొందరపెట్టరులే."